వేళ్ళు గట్టిగా నొక్కమ్మా

ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర జ్ఞానప్రకాశం వంగి బూటు లేసు విప్పుతుంటే లోపలి నుంచి ఎవరో పకపకా నవ్వారు.

“విప్పకండి ప్రకాశంగారూ! లోపలంతా గాజు పెంకులే. కాలు కోసుకుంటే కుట్లు వేయడానికి ఈ ఆస్పత్రిలో చెయ్యాడే డాక్టరు కూడా లేడు.”

ఆ నవ్వు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పల్లంరాజుది. జ్ఞానప్రకాశం సి.ఐ.డి.లో ఉన్న రోజుల్లో ఇతను ఆయన కింద ఎస్సైగా పనిచేశాడు. అప్పుడు తిన్న చీవాట్లు ఒక్కటీ మర్చిపోలేదు. జ్ఞానప్రకాశం ఉద్యోగానికి దణ్ణం పెట్టి కాకినాడలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు తగిలించాక, ఇద్దరూ ఎక్కడ ఎదురుపడ్డా ఉప్పూ నిప్పే.

లేసు మళ్ళీ ముడేసుకుంటూ జ్ఞానప్రకాశం తనని తనే తిట్టుకున్నాడు. ఎన్ని శవాలు చూస్తే ఏం లాభం, థియేటర్ గుమ్మం కనపడగానే చెప్పులు విప్పాలని నడుం దానంతటదే వంగుతుంది. గుమ్మం పక్కనున్న బల్ల కింద అప్పటికే ఒక జత ఉంది. పెద్ద సైజు, ముదురు గోధుమ రంగు తోలు చెప్పులు, కొత్తవి. ముక్కులు గోడకి ఆనించి బుద్ధిగా పెట్టి ఉన్నాయి. ఆ అంతస్తులో బుద్ధిగా ఉన్న వస్తువు అదొక్కటే.

లోపల అడుగు పెట్టగానే నెత్తురు వాసన కొట్టింది. పెద్ద లైటు ఒక్క తీగ మీద వేలాడుతోంది. మత్తిచ్చే మిషను బోర్లా పడింది. అద్దాల బీరువాలో మందులన్నీ నేలమీద పొడి అయిపోయాయి. ఆ పొడిలో, ఆ నెత్తుట్లో, ఎక్కడ చూసినా బూట్ల గుర్తులు, చెప్పుల గుర్తులు. తలుపు వెనక చిన్న అరలో థియేటర్ వాళ్ళు లోపల వేసుకునే నీలం రబ్బరు చెప్పులున్నాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా మడమ దగ్గర తెల్ల పెయింటుతో గీత గీశారు. వాటిని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. జనం వీధి చెప్పులతోనే జొరబడ్డారు.

ఇదంతా ఆ పొద్దుటి మాటే. రాజమండ్రిలోని ఈ చెల్లాయమ్మ నర్సింగ్ హోమ్‌లో దుర్గాశ్రీ అనే ఆవిడకి సిజేరియన్ చేశారు. మగపిల్లాడు పుట్టాడు. పుట్టిన కాసేపటికి తల్లి అదే ఆపరేషన్ బల్ల మీద ఊపిరాగి చచ్చిపోయింది. ఆవిడ అన్న బంగార్రాజుది మొగల్తూరు, రొయ్యల చెరువుల ఆసామి. చెయ్యెత్తితే నలభై మంది లేచే మనిషి. పుట్టే పిల్లాడి కోసం ఊరి నుంచి వెంట వచ్చిన ఆ నలభై మందీ లేచారు.

కబురు తెలిసి, మత్తు డాక్టరు విజయ్ పాల్ ఇంకో ఆస్పత్రి నుంచి స్కూటరు మీద పరిగెత్తుకొచ్చాడు. బల్ల మీద మనిషికి ఊపిరి ఊదుతుంటే వెనకనుంచి జుట్టు పట్టి లాగారు. సిలిండరు తిప్పే ఇనప పానా దొరికింది. మొదటి దెబ్బ దవడకి. తర్వాతి దెబ్బలు కుడిచేతి వేళ్ళకి. పడ్డాక రొమ్మెక్కి తొక్కారు. కోపంతో కొట్టేవాడు తలమీదో వీపుమీదో కొడతాడు గానీ, నోరూ రాసే చెయ్యీ ఎంచుకుని కొట్టడమేంటో జ్ఞానప్రకాశానికి అర్థం కాలేదు.

విజయ్ పాల్ ఆయనకి స్వయానా మేనల్లుడు. చెల్లెలు సంపూర్ణమ్మకి ఒక్కగానొక్క కొడుకు. మధ్యాహ్నం ఫోను రాగానే కాకినాడ నుంచి వచ్చి, ముందు పెద్దాస్పత్రిలో వాడిని చూసి, అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికి వచ్చాడు. పక్కటెముకలు నుజ్జయి రొమ్ము సొంతంగా ఆడటం లేదు. గొంతుకి కన్నం చేసి గొట్టం పెట్టారు. ఆ వార్డులో ఉన్న ఒక్క శ్వాస మిషను ఇంకో రోగికి ఉంది. అంచేత ఆ గొట్టానికి రబ్బరు బెలూను తగిలించి చేత్తో నొక్కుతున్నారు. నర్సు కాసేపు, తల్లి కాసేపు. నొక్కినప్పుడల్లా ‘ఫుస్స్’మనే ఆ చప్పుడు జ్ఞానప్రకాశం చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. ఆ చప్పుడు నాలుగు నిమిషాలు ఆగితే సంపూర్ణమ్మకి కొడుకు లేడు. ఆగకుండా బతికినా, మనిషిని చంపిన డాక్టరుగా బతకాలి.

“మీ మేనల్లుడి మీద కేసు చాలా సింపులండి,” అన్నాడు పల్లంరాజు, విరిగిన స్టూలు మీద కాలు పెట్టి. “పదింటికి మంచి లగ్నం ఉంది. ఊళ్ళో సిజేరియన్లన్నీ ఆ లగ్నానికే పెట్టుకున్నారు. ఉన్నది నలుగురు మత్తు డాక్టర్లు. ఇక్కడ పిల్లాడు పుట్టింది పదీ అయిదుకి. మీవాడు పదింబావుకి రెండో ఆస్పత్రిలో ఇంకొకావిడ నడుములో సూది గుచ్చుతున్నాడు. మధ్య దారే పావుగంట. అంటే పిల్లాడు బయటపడక ముందే ఈవిణ్ణి బల్ల మీద వదిలేసి పోయాడన్నమాట. నడుం కింద ఆగాల్సిన మత్తు గుండెల దాకా పాకింది. ఊపిరాగింది. పక్కనుండి బెలూను నొక్కాల్సినవాడు లేడు. ఇంకేం కావాలండి?”

“వాడలా వదిలేసి పోయే మనిషి కాదు.”

“మేనమామలందరూ అలాగే అంటారండి.”

“వాడి వార్డు దగ్గర కానిస్టేబుల్ని ఎందుకు తీసేశావు?”

“సగం చచ్చినోణ్ణి ఇంకెవరు చంపుతారండీ?”

జ్ఞానప్రకాశం అతన్ని వదిలేసి, మూలన గోడకి అతుక్కుని నిలబడ్డ మనిషివైపు తిరిగాడు. ఆపరేషన్ చేసింది ఆయనే. నర్సింగ్ హోమ్ ఓనరు డాక్టర్ శివరామకృష్ణ. చొక్కా చిరిగింది, కన్ను వాచింది గానీ ఎముకలు సురక్షితంగా ఉన్నాయి.

“మీ నర్సులూ ఆయాలూ ఎక్కడండీ?”

“పారిపోయారండి. ప్రాణభయం.”

“పిల్లాడు పుట్టేటప్పటికి మత్తు డాక్టరు ఈ గదిలో ఉన్నాడా, లేడా?”

శివరామకృష్ణ నేల చూపులు చూశాడు. “నేను నా పనిలో ఉన్నానండి. గమనించలేదు.”

“మూడు గజాల గది. తల దగ్గర మనిషి ఉన్నాడో లేడో గమనించలేదు?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయింది. ఈలోగా మెట్ల మీద టపటపా చప్పుడయింది.

బంగార్రాజు వచ్చాడు. ఆరడుగుల మనిషి. తెల్ల పంచె మీద చెల్లెలి నెత్తురో డాక్టరు నెత్తురో తెలీని మరకలు అట్టకట్టి ఉన్నాయి. పోస్టుమార్టం అయ్యేదాకా ఊరు వెళ్ళేది లేదని పొద్దుటి నుంచీ ఆస్పత్రి చుట్టూనే తిరుగుతున్నాడు. వెనకాల దుర్గాశ్రీ భర్త గణేష్‌బాబు, మనిషి బక్కపల్చన, ఏడ్చి ఏడ్చి మొహం పీక్కుపోయింది.

“మీరేనాండీ ఆ డాక్టరు మావయ్య?” అన్నాడు బంగార్రాజు.

“అవును, నేనే...”

మాట పూర్తి కాలేదు. కడుపులో బంగార్రాజు గుద్దు ఒక్కటి పడింది. జ్ఞానప్రకాశం గాజుపెంకుల్లో వెల్లకిలా పడ్డాడు. చెంప చీరుకుపోయింది. లేవబోతే రొమ్ము మీద కాలు పడింది.

“లేవకండి. లేస్తే పీక తొక్కుతానండి.”

గోదావరి జిల్లాల్లో కత్తి దూసేవాడు కూడా ‘అండి’ చేర్చే దూస్తాడు. అది అవతలివాడి ప్రాణానికి ఏమంత ఊరట కాదు. పల్లంరాజు స్టూలు మీద నుంచి కాలు కూడా తియ్యలేదు. సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

రొమ్ము మీదున్న కాలు జ్ఞానప్రకాశం కళ్ళకి జానెడు దూరంలో ఉంది. నీలం రబ్బరు చెప్పు, పాదానికి చాలక మడమ వెనక్కి వేలాడుతోంది. మడమ కింద తెల్లగా ఏదో గీత. దుఃఖంలో ఉన్న మనిషి కాళ్ళకేం తగిలించుకున్నాడో వాడికేం తెలుస్తుంది అనుకున్నాడు. అంతకంటే ఆలోచించే తీరిక లేదు, ఊపిరి అందడం లేదు. బలంతో లేవలేడు. మాటతో లేవాలి.

“పిల్లాడు... ఎలా ఉన్నాడండీ?”

కాలు కాస్త సడలింది.

“బంగారంలా ఉన్నాడండి. అచ్చు మా నాన్నే. గుమ్మంలోకి తెస్తే ముందు నేనే ఎత్తుకున్నాను.” బంగార్రాజు పిల్లాణ్ణి మోస్తున్నట్టు చేతులు చాపాడు. “పుట్టి రెండు నిమిషాలు కాలేదు, ఆ జుట్టు చూడాలండి! పట్టుకుచ్చే. హాల్లో ఫ్యాను గాలికి ఎగిరి నుదుటి మీద పడతా ఉంటే నేనే పైకి దువ్వాను. ఆ సంతోషంలో మెట్ల కింద చీరల మూట విప్పించి, నర్సమ్మల దగ్గర్నుంచి తుడిచే ఆవిడ దాకా ఒక్కళ్ళని వదలకుండా పిలిపించి పంచమన్నాను. మా బావే పంచాడు. పది నిమిషాల్లో నా చెల్లెల్ని చంపేశారండి!”

కాలు మళ్ళీ బిగిసింది.

“తడిగా లేదా?” అన్నాడు జ్ఞానప్రకాశం.

“ఏంటండీ?”

“పిల్లాడి జుట్టు.”

“తడేంటండీ? పౌడరు కూడా వేసి ఇచ్చారు.”

జ్ఞానప్రకాశం ఆ కాలిని రెండు చేతులా పట్టి పక్కకి తిప్పి లేచాడు. బంగార్రాజు మళ్ళీ మీదికి రాబోతే, చెయ్యెత్తి శివరామకృష్ణని చూపించాడు.

“డాక్టరుగారూ! నాకు ముగ్గురాడపిల్లలు. ముగ్గురూ పుట్టినప్పుడు కాలవలోంచి తీసిన పిల్లికూనల్లా ఉన్నారు. పూటకి గానీ జుట్టు ఆరలేదు. రెండు నిమిషాల పిల్లాడి జుట్టు ఫ్యాను గాలికి ఎలా ఎగిరిందండీ?”

జ్ఞానప్రకాశం ఇంక మర్యాద పక్కన పెట్టాడు. డాక్టరు మెడ పట్టుకుని వంచి, నేలమీద గడ్డకట్టిన నెత్తుటికి మొహం బెత్తెడు దూరంలో ఉండేలా తొక్కిపెట్టాడు.

“ఇది నా మేనల్లుడి నెత్తురు. నువ్వు నోరు మూసుకున్నందుకు కారింది. ఇంకా మూసుకున్నావంటే నీ నెత్తురు కూడా ఇందులో కలుస్తుంది. పిల్లాడు ఎప్పుడు పుట్టాడు?”

“తొమ్మిది... తొమ్మిది దాటగానే!” డాక్టరు ఏడ్చేశాడు. “బిడ్డ గుండె జారిపోతోందండి. లగ్నం దాకా ఆగితే దక్కడు. విజయ్ పాలే అరిచాడు, ముహూర్తం సంగతి తర్వాత, ముందు కోసెయ్యండి అని. తీసేశాం. పిల్లాడు బాగున్నాడు. పదయ్యేదాకా లైటు కింద పడుకోబెట్టి, అప్పుడు బయటికి తీసుకెళ్ళి ఇప్పుడే పుట్టాడని చెప్పాం. లగ్నం తప్పిందంటే వీళ్ళు ఊరుకోరండి. మళ్ళీ మా గడప తొక్కరు. మేమొక్కళ్ళమే కాదు, అందరూ...”

“అందరి సంగతీ నేనడగలేదు. విజయ్ పాల్ ఎప్పుడు వెళ్ళాడు?”

“ఆఖరి కుట్టు పడేదాకా తల దగ్గరే ఉన్నాడు. బీపీ బాగుంది. వెళ్తూ వెళ్తూ ఆవిడ చేత రెండు వేళ్ళు నొక్కించుకున్నాడు. ఆవిడ నొక్కిన నొక్కుడికి ‘అబ్బా’ అని నవ్వాడు కూడా. నేనొచ్చేదాకా ఎవరో ఒకరు పక్కనుండాలి అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.”

“ఉన్నారా?”

“ఆడవాళ్ళందరూ ఆవిడ చేతుల కట్లు కూడా విప్పకుండా చీరలకి కిందికి పోయారు. నేను... కాఫీ తాగుదామని నా గదిలోకి...”

నోరు విప్పితే ఆస్పత్రి పేరు పోతుందని, పక్కనే ఇనప పానా లేస్తున్నా ఈ పెద్దమనిషి గుడ్లప్పగించి చూశాడు. ఛీ అని మెడ వదిలేశాడు. డాక్టరు అక్కడే కూలబడి, అడక్కపోయినా ఇంకో మాట అన్నాడు.

“కుట్లు వేస్తున్నంతసేపూ ఆవిడ విజయ్ పాల్ చెవిలో ఏదో చెప్పుకుని ఏడుస్తూనే ఉందండి. మధ్యలో గుడ్డ తెర అడ్డం. నాకు వినపడలేదు.”

బంగార్రాజు మెల్లిగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చేతులూ తలకి పెట్టుకున్నాడు.

“అయితే... అయితే ఆ బాబు మా దుర్గని వదిలేసి పోలేదాండీ? దేవుడిలాంటి మనిషిని కొట్టానాండీ?” కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “బతుకుతాడాండీ?”

అన్నేళ్ళు పోలీసు ఉద్యోగం చేసినవాడు అక్కడ నోరు కట్టేసుకోవాల్సింది. కానీ జ్ఞానప్రకాశానికి గుండె నిండిపోయింది. మేనల్లుడి మీద పడ్డ మచ్చ కళ్ళముందే కడిగినట్టు పోయింది. ఆ సంతోషంలో అనకూడని మాట అనేశాడు.

“బతుకుతాడండి. ఇందాక ఎడంచేత్తో నా వేలు నొక్కాడు. లేచాక, మీ చెల్లెలు ఆఖరున ఏం చెప్పుకుందో వాడే మీకు చెబుతాడు.”

బంగార్రాజు పంచె అంచుతో కళ్ళు తుడుచుకుని లేచాడు. “వెళ్ళి ఆ తల్లి కాళ్ళ మీద పడతానండి. క్షమిస్తే సరే, లేకపోతే నా తల అక్కడే కొట్టుకుంటాను.” మెట్ల మీద రబ్బరు చెప్పులు టపటపా దిగిపోయాయి. వీధిలో జీపు స్టార్టయింది.

సంపూర్ణమ్మ క్షమిస్తుందని జ్ఞానప్రకాశానికి తెలుసు. ప్రతి ఆదివారం చర్చిలో విన్నది ఇంటికొచ్చి పాటించే మనిషి ఆవిడ. అన్నగారికి మాత్రం ఆ గుణం అంటలేదు.

“బాగుందండి,” అన్నాడు పల్లంరాజు, చప్పట్లు కొట్టినంత పని చేసి. “మీవాడు పారిపోలేదు, ఒప్పుకున్నాం. అయినా మత్తిచ్చింది మీవాడే, చచ్చింది ఆవిడే. పోస్టుమార్టం చేస్తున్న డాక్టరు ఊపిరాడక పోయిందని ఇందాకే ఫోన్లో చెప్పాడు. మత్తు పైకి పాకింది. అంతే కదా?”

జ్ఞానప్రకాశం బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆపరేషన్ బల్లకి రెండు పక్కలా రెక్కల్లా చెక్కలున్నాయి. సిజేరియన్ చేసేటప్పుడు ఆ చెక్కల మీద చేతులు చాపించి, కోత మీదికి రాకుండా పట్టీ గుడ్డతో కడతారు. కుడి కట్టు, శవాన్ని దించేటప్పుడు విప్పింది కాబోలు, వదులుగా వేలాడుతోంది. ఎడమ కట్టు ముడి ముడిలాగే ఉంది. గుడ్డ మాత్రం సగం దాకా చిరిగింది. ఆయన పెన్ను కొసతో ఆ గుడ్డ మడత ఎత్తి చూశాడు. లోపల ఎర్రగాజుల ముక్కలు, ఆకుపచ్చ గాజుల ముక్కలు, గుడ్డలోకి దిగబడి, వాటి చుట్టూ నెత్తురు ఎండి ఉంది.

“ఈ గాజులేంటండీ?”

“సీమంతం గాజులండి,” అన్నాడు శివరామకృష్ణ నీరసంగా. “తియ్యనంది. పురుడయ్యేదాకా తియ్యకూడదట. అందుకే పైన ప్లాస్టరు వేసి కట్టాం.”

“సి.ఐ.గారూ, ఇలా రండి. ఇవి మీ నలభై మంది పగలగొట్టిన గాజులు కావు. కట్టు లోపల, చెయ్యి లోపల ఉండగా పగిలాయి. ఈ గుడ్డ ఎంత గట్టిదో లాగి చూడండి.”

పల్లంరాజు లాగాడు. చిరగలేదు. ఇంకా గట్టిగా లాగాడు. మొహంలో వెటకారం కాస్త తగ్గింది.

“నా పెద్దమ్మాయికి సిజేరియన్ చేసినప్పుడు మత్తిచ్చింది విజయ్ పాలే,” అన్నాడు జ్ఞానప్రకాశం. “అయిదు నిమిషాలకొకసారి ‘నా వేళ్ళు గట్టిగా నొక్కమ్మా’ అంటూనే ఉన్నాడట. ఎందుకురా ఆ గోల అని అడిగితే వాడన్నాడు, ‘మత్తు పైకి పాకిందంటే మావయ్యా, ఊపిరి కంటే ముందు పిడికిలి పోతుంది. చేతిలో పట్టున్నంతసేపూ నాకు భయం లేదు’ అని. ఈవిడకి పిడికిలి పోలేదు పల్లంరాజూ. చచ్చే క్షణంలో కూడా నువ్వు చింపలేని గుడ్డ చింపేంత పట్టుంది. నడుం కింద మొద్దుబారింది, కాళ్ళు తన్నుకోలేదు. చేతులు కట్టేసి ఉన్నాయి. అరుద్దామంటే నోటిమీద ఎవరి చెయ్యో ఉంది. ఆవిడ ఊపిరి ఆగలేదు. ఆపారు.”

గుమ్మంలో ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు. అందరూ తిరిగారు. గణేష్‌బాబు. బంగార్రాజుతో వెళ్ళలేదు, తలుపు పట్టుకుని అక్కడే నిలబడి మొత్తం విన్నాడు. జ్ఞానప్రకాశం వెళ్ళి భుజం పట్టుకుని గుమ్మం పక్క బల్ల మీద కూర్చోబెట్టాడు.

“బాబూ, మీ ఆవిడంటే ఎవరికైనా పగ ఉందా?”

“ఎవరికుంటుందండీ? చీమకి కూడా అడ్డం పోని మనిషి.” చేతులతో మొహం కప్పుకున్నాడు. “అయిదో నెలలో పుట్టింటికి వెళ్ళొచ్చిందండి. వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సయించలేదు. చెరువు దగ్గర ఏదో చూసింది. ఏంటే అని ఎంత అడిగినా, కడుపులో బిడ్డ వింటాడు, ఇప్పుడా మాట నోటితో అనకూడదు, పురుడయ్యాక మీకూ చెబుతాను, పోలీసులకీ చెబుతాను అంది. వాళ్ళన్నయ్య ముందే అందండి ఆ మాట.”

“మొగల్తూరు చెరువు దగ్గర అప్పుడేం జరిగింది?”

జ్ఞానప్రకాశం పల్లంరాజు వైపు చూశాడు. పల్లంరాజు స్టూలు మీద నుంచి కాలు తీశాడు.

“జీవరాజని... బంగార్రాజు చెరువుల కాపలావాడండి,” అన్నాడు మెల్లిగా. “నేను భీమవరంలో ఉండగా. మెడ మీద నాలుగు వేట్లు వేసి చెరువులో తొక్కేశారు. సాక్షులు దొరకలేదు. కేసు మూసేశాను.”

“మూసేశావు. ఆ సాక్షి ఇక్కడ ఈ బల్ల మీద పడుకుని, పిల్లాడు బయటపడ్డాడు కదా, ఇంక నోరు విప్పొచ్చని ఎదురు చూస్తోంది.” జ్ఞానప్రకాశం గణేష్‌బాబు వైపు తిరిగాడు. “పురుడు దాకా ఆమెకి గడువు. పురుడు దాటాక, ఆ కాపలావాణ్ణి చంపినవాడికి గడువు లేదు. గణేష్‌బాబూ, నువ్వు చీరలు పంచుతుంటే మీ బావగారు నీ పక్కనే ఉన్నాడా?”

“లేదండి. దేవుడి పటానికి దణ్ణం పెట్టుకొస్తానని పైకెళ్ళాడు. నర్సమ్మ కేకేశాక వెనక మెట్ల మీద నుంచి పరిగెత్తుకొచ్చాడు...” అంటూనే అతను ఆగిపోయాడు. తల దించుకున్న అతని చూపు బల్ల కింద ఆగింది. “ఇవేంటి, ఇక్కడున్నాయి? బావగారి చెప్పులండి ఇవి. పోయిన వారమే కుట్టించుకున్నాడు.”

జ్ఞానప్రకాశం వాటిని చూశాడు. ముక్కులు గోడకి ఆనించి, బుద్ధిగా.

“పొద్దున గొడవకి వచ్చినప్పుడు విప్పుంటాడులెండి,” అన్నాడు పల్లంరాజు, తనే నమ్మని గొంతుతో.

“నలభై మంది తలుపు బద్దలు కొట్టుకుని చెప్పులతో తొక్కేస్తుంటే, ఒక్కడు మాత్రం విప్పి, సర్ది, గోడకి ఆనించి పెట్టాడంటయ్యా? ఇవి గొడవకి ముందు విప్పినవి. ఏ చప్పుడూ లేని గదిలోకి, ఒంటరిగా పడుకున్న మనిషి దగ్గరికి వెళ్తూ విప్పినవి. చెల్లెల్ని చంపడానికి వెళ్తూ కూడా థియేటర్ గుమ్మం కనపడగానే వాడి నడుం వంగింది, నా నడుం వంగినట్టే. లోపల అరలోంచి రబ్బరు చెప్పులు తొడుక్కున్నాడు. పని ముగించి వెనక తలుపున పోయాడు. పొద్దుటి నుంచీ వాటితోనే తిరుగుతున్నాడు. ఇందాక నా రొమ్ము మీద...”

మడమ కింద తెల్ల గీత. అరలో ఉన్న ప్రతి చెప్పు మీదా అదే గీత.

దవడకి మొదటి దెబ్బ ఎందుకు పడిందో, రాసే చేతికి తర్వాతి దెబ్బలు ఎందుకు పడ్డాయో ఇప్పుడు అర్థమైంది. ఆవిడ మత్తు డాక్టరుకి ఏమైనా చెప్పిందో లేదో బంగార్రాజుకి తెలీదు. భయం మాత్రం ఉంది. ‘లేచాక వాడే మీకు చెబుతాడు.’ ఆ మాటన్నది ఎవరు? సొంత మేనమామ!

జ్ఞానప్రకాశం మెట్లు దూకుతూ దిగాడు. రిసెప్షన్‌లో అద్దం పగిలిన బల్ల మీద ఫోను ఇంకా బతికే ఉంది. నంబరు తిప్పుతుంటే రెండుసార్లు తప్పింది. మూడోసారి మోగింది. వార్డు నర్సు ఆశాజ్యోతి ఎత్తింది. ఆవిడ బల్ల విజయ్ పాల్ మంచం పక్కనే. ఆవిడ గొంతు వెనకాల ‘ఫుస్స్... ఫుస్స్...’ వినపడింది. జ్ఞానప్రకాశానికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“అమ్మా, నేను విజయ్ పాల్ మేనమామని. మా సంపూర్ణమ్మకి ఒకసారి ఇవ్వమ్మా.”

“ఇప్పుడే కిందికెళ్ళారండి, కాస్త కాఫీ తాగొస్తానని. అరచేతులు బొబ్బలెక్కిపోయాయి సార్, పాపం.”

“బెలూను నువ్వు నొక్కుతున్నావా?”

“లేదండి, బంగార్రాజుగారని, చనిపోయినావిడ అన్నగారు. వచ్చి ఆమె కాళ్ళ మీద పడి ఒకటే ఏడుపండి. నా చేతుల్తో ప్రాణం తియ్యబోయాను, నా చేతుల్తోనే ఊపిరి పోస్తానమ్మా అన్నారు. సంపూర్ణమ్మగారే లేవదీసి, బెలూను చేతికిచ్చారు.”

“లాగెయ్! అమ్మా, వాడి చేతిలోంచి అది లాగెయ్!”

“అయ్యో, అలాంటి మనిషి కాదు సార్. ఎంత పద్ధతండీ! చెప్పులు కూడా గుమ్మం బయటే విప్పి, గోడకి...”

ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. ఆవిడ వెనకాల చప్పుడు ఆగిపోయింది.